పడుగు కొరికిందెవరు?

నేను ఒక ఎలుకల బోనుని. ఆ మాట అనగానే మీరు ముక్కు ముడిచారు, చూశాను. పర్వాలేదు, నాకు అలవాటే. నన్ను ఎత్తేటప్పుడు మనుషులందరూ చెయ్యి దూరంగా చాచి, మొహం పక్కకు తిప్పుకుంటారు. నేను మాత్రం ఎవరి మొహాన్నీ వదిలిపెట్టను, తేరిపార చూస్తాను. నా పుట్టుకే అనుమానం మరి. ఎవడో ఒకడు దొంగతనానికి వచ్చి తీరతాడని ముందే నమ్మితే తప్ప నాలాంటిదాన్ని ఎవరూ చేయించుకోరు.

చీరాల రైలుగేటు అవతల వీరాచారి అనే వడ్రంగి కొట్లో నేను తయారయ్యాను. నన్ను అమ్మేటప్పుడు ఆయన నా వీపు మీద రెండు దెబ్బలు చరిచి, ఇది అసలైన టేకు అన్నాడు. నాది వేపచెక్క. పుట్టినరోజునే నన్ను అడ్డం పెట్టుకుని అబద్ధమాడిన లోకమిది. ఇక నేను మనుషుల్ని నమ్మకపోవడంలో నా తప్పేముంది చెప్పండి? పనితనంలో మాత్రం వీరాచారికి వంక పెట్టలేను. ఒక పక్క ఇనప జాలీ, ఎదుటి పక్క పైకి లేచే తలుపు, లోపల కొక్కెం. కొక్కేనికి ఎర గుచ్చి తలుపు ఎత్తి పెడతారు. ఎరను లాగితే చాలు, తలుపు టప్పున పడుతుంది.

నా మొదటి యజమాని కిరాణా కొట్టు శెట్టిగారు. ఆయన పకోడీ ఎర పెట్టేవాడు. ఎలుక పడగానే నా మీద తువ్వాలు కప్పి, నడకకు వెళ్తున్నట్టు వెళ్లి, ఎదుటి కొట్టు వెనకాల తలుపు ఎత్తేవాడు. జీవహింస మహాపాపం అని తిరిగొచ్చి అందరికీ చెప్పేవాడు. కొన్నాళ్లకు నాకో సంగతి తెలిసింది. ఎదుటి కొట్టువాడి దగ్గర కూడా ఒక బోను ఉంది, వాడూ పొద్దున్నే నడకకు వెళ్తాడు! తోక తెగిన ఎలుక ఒకటి నా దగ్గరకు ఎన్నిసార్లు వచ్చిందో నాకే గుర్తులేదు. చివర్లో అది నాలోకి చుట్టాలింటికి వచ్చినట్టు వచ్చి, పకోడీ తినేసి, పడవ కోసం ఎదురుచూసేవాళ్లలా ఒక మూల కూర్చునేది. శెట్టిగారు కొట్టు మూసేసినప్పుడు పాత డబ్బాలతో పాటు నన్నూ ఇచ్చేశారు. అలా పేరాలలోని తులసమ్మ ఇంటికి చేరాను.

అది మగ్గం ఇల్లు. ముందుగదిలో గుంట మగ్గం, గుంటలో కాళ్లు పెట్టుకుని తులసమ్మ కొడుకు కోటిలింగం నేస్తుంటాడు. పక్కన కోడలు హైమావతి అడ్డంగా నేసే పేకనూలు కండెలకు చుడుతుంది. ఇంకా నేయాల్సిన పడుగు, అంటే చీరలో నిలువుపోగుల మోపు, చుట్ట కట్టి దూలానికి వేలాడుతుంటుంది. దానికి ముందే వీధి పొడుగునా చాచి గంజి పెడతారు. గంజికి పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా నూనె చేత్తో పెద్ద కుంచెతో దువ్వుతారు. మిగతా ఇళ్లలో కుంచె మగవాళ్లు పడతారు. ఈ ఇంట్లో మొగుడు పోయిన దగ్గర్నించి తులసమ్మే పట్టింది. పని అయిపోగానే కుంచెను గోనెసంచిలో పెట్టి గోడకున్న కొక్కేనికి తగిలిస్తుంది. మళ్లీ గంజి రోజు వచ్చేదాకా ఆ సంచిని ఎవరూ ముట్టుకోకూడదు. కొడుకైనా సరే. ఇక కోడలి సంగతి చెప్పక్కర్లేదు.

నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో పడుగు పోగులు తెగిపోతున్నాయి. ఇవాళ గుప్పెడు, రేపు గుప్పెడు. తెగిన ప్రతి పోగునూ వేళ్లతో నలిపి అతుకుతూ కూర్చుంటే కోటిలింగానికి నేతకు పొద్దే మిగలడం లేదు. ఎలుక పనేనని అందరూ అన్నారు గాని, దాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. నన్ను అటకెక్కించారు గనక, నా వంతు వచ్చేలోగా ఎన్ని వైద్యాలు జరిగాయో అక్కడి నుంచే విన్నాను. పక్కింటి సీతారావమ్మ తన పిల్లిని అరువిచ్చింది. ఆ మహాతల్లి మగ్గం గుంటలో చల్లటి మట్టి చూసుకుని పడుకుంది. లేచినప్పుడల్లా కండెలతో ఆడుకుని పేకనూలంతా చిక్కు పెట్టింది. తర్వాత జిగురట్ట తెచ్చారు. దాని మీద మొదట పడింది కోటిలింగం చెప్పు, రెండోది తులసమ్మ కొంగు. కలరా ఉండలు వేస్తే చీర కొనేవాళ్లు ముక్కు పట్టుకున్నారు. మందు బిళ్లల మాట వచ్చింది గాని, గంజి కాచే ఇంట్లో, అదే చేత్తో అన్నం తినే ఇంట్లో మందు ఏమిటని హైమావతి ఒప్పుకోలేదు.

ఆ ఒప్పుకోకపోవడం దగ్గరే తులసమ్మ కళ్లు చిన్నవయ్యాయి. ఎలుకను చంపొద్దంటోందంటే ఏమిటి సంగతి?

తులసమ్మ మనసు నాకు బాగా తెలుసు, మాది ఒకే జాతి. హైమావతి పుట్టింటివాళ్లు మగ్గం తీసేసి కుట్టుమిషన్ పెట్టుకున్నారు. కాపురానికి వచ్చినప్పుడు ఆమె పెట్టెలో బట్టలతో పాటు ఒక కత్తెర కూడా వచ్చింది. వచ్చిన కొత్తల్లో గది ఊడుస్తూ, ఈ మగ్గం లేకపోతే గది ఎంత పెద్దదో కదా అని నోరు జారింది. మామూలుగా అన్న మాటే. తులసమ్మ మాత్రం దాన్ని కొంగున ముడేసి దాచుకుంది. ఇప్పుడు పోగులు తెగుతుంటే ముడి విప్పింది. మగ్గం తీయించాలనే ఎత్తు, కత్తెర పనే ఇది, ఎలుకంటూ అందరినీ ఏమారుస్తోంది. ఈ మాటలు ముందు సీతారావమ్మ చెవిలో పడ్డాయి, తర్వాత కొడుకు చెవిలో. కోటిలింగం పేక లాగే నాడె విసరడం ఆపి, మళ్లీ విసిరాడు. అవునని అనలేదు, కాదనీ అనలేదు. నాకు ఆ మనిషి మీద ఒళ్లు మండింది.

నన్ను అటక దించింది కూడా ఎలుక కోసం కాదు. బోనులో ఏమీ పడకపోతే కోడలి గుట్టు బయటపడుతుందని తులసమ్మ లెక్క. కాల్చిన కొబ్బరిముక్క కొక్కేనికి గుచ్చి, నన్ను పడుగు కింద పెట్టింది. అది వాళ్ల అమ్మమ్మ నాటి ఎర, తప్పదు అంది. రోజూ పొద్దున్నే వచ్చి చూసేది. కొబ్బరిముక్క అలాగే ఉండేది, పోగులు మాత్రం తెగి ఉండేవి. ఖాళీగా ఉన్న నన్ను చూసి ఆమె తృప్తిగా తలాడించేది. నా బతుకులో ఖాళీగా ఉన్నందుకు మెప్పు పొందడం అదే మొదలు, నాకది మహా అవమానంగా ఉండేది.

అసలు సంగతి నా ముక్కుకు తెలుసు. ఆ ఏడు తులసమ్మ గంజిలో వేరుశనగ నూనె మానేసి కొబ్బరినూనె వాడింది. పోగు మెత్తగా వస్తుందని ఎవరో చెప్పారట. ఎవరికీ చెప్పకుండా, చేత్తో ధారాళంగా పట్టించింది. ఇప్పుడు పడుగంతా కొబ్బరి, ఇల్లంతా కొబ్బరి. తల పైన మోపెడు కొబ్బరి విందు వేలాడుతుంటే, వేపచెక్క పెట్టెలో ఎండుముక్క కోసం ఎవరొస్తారు? శెట్టిగారి కొట్లో ఎలుకకు పకోడీ పెట్టారు గాని, పకోడీల బుట్ట మీద పకోడీ పెట్టలేదు. నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

నేను చెప్పలేనిది హైమావతి వేళ్లు కనిపెట్టాయి. మొగుడితో పాటు పోగులు అతికి అతికి ఆమె చేతులు కొబ్బరినూనె వాసన కొట్టేవి. ఒక మధ్యాహ్నం, అత్తగారు కునుకు తీస్తుండగా, ఆమె పడుగు కింద నేలంతా అరచేత్తో తడిమింది. తర్వాత నా దగ్గరకొచ్చి కొబ్బరిముక్క పీకి అవతల పారేసింది. పెట్టెలోంచి కత్తెర తెచ్చి, పాత పడుగు చివర అచ్చుకు, అంటే మగ్గం దువ్వెనకు, మిగిలిపోయిన పనికిరాని పోగులు కొన్ని కోసింది. వాటిని ఉండ చుట్టి నా కొక్కేనికి కట్టింది.

నేను తెల్లబోయాను. ఎర అంటే తిండి. పోగులు ఎవరైనా తింటారా? ఈ పిల్ల నిజంగానే ఏదో ఎత్తులో ఉందేమోనని నాకే అనుమానం వచ్చింది.

సరిగ్గా అప్పుడే తులసమ్మ నిద్ర లేచింది. ఆమె కంటికి ఏం కనబడిందో మీరే ఊహించుకోండి. మగ్గం పక్కన కోడలు, కోడలి చేతిలో కత్తెర.

"ఎన్నాళ్లనించే ఈ పని?" అంది. అరవలేదు, అరిచి ఉంటేనే బాగుండేది.

"ఎరకి అత్తయ్యా," అంది హైమావతి. "కత్తెరతో కోస్తే ముక్క కిందన్నా పడాలి గదా. ఒక్క ముక్కన్నా దొరికిందా మీకు? ఎవరో ఎత్తుకుపోతున్నారు."

తులసమ్మ ఆ మాట వినలేదు. దొంగ దొరికాక ఇంకా సాక్ష్యం ఎవరికి కావాలి? కొడుకును పిలిచి, మీ మామకు ఫోన్ చెయ్యి, రేపు వచ్చి కూతుర్ని తీసుకుపొమ్మను అంది. అత్తింట్లో పంచాయితీ జరిగి పుట్టింటికి వెళ్లిన ఆడపిల్ల తిరిగి రావడం ఎంత కష్టమో ఆ పేటలో అందరికీ తెలుసు. కోటిలింగం ఫోన్ చేశాడు. దొంగ చేతికి చిక్కినందువల్ల బోను వైపు ఎవరూ చూడలేదు. నా తలుపు ఎత్తే ఉంది, లోపల పోగుల ఉండ వేలాడుతూనే ఉంది.

మర్నాడు పొద్దెక్కాక హైమావతి తండ్రి చెన్నకేశవులు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, భుజం మీది కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మంచినీళ్లిస్తే గ్లాసు పక్కన పెట్టాడు. కూతురి మీద మాట పడినచోట ఆ మాట తేలేదాకా తండ్రి గుక్కెడు నీళ్లు తాగడు, అది వాళ్ల రివాజు. తులసమ్మ కత్తెరను మధ్యలో పెట్టి మొదలుపెట్టింది. గది పెద్దదన్న మాట దగ్గర్నించి మందు బిళ్లలు వద్దన్న మాట దాకా ఏదీ వదల్లేదు. ఆయన తల వంచుకుని విన్నాడు. కోటిలింగం గుంటలో కాళ్లు పెట్టుకుని, నేయకుండా కూర్చున్నాడు. హైమావతి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఎవరి వైపూ చూడలేదు. నా వైపే చూసింది. ఇంతవరకు నన్ను అలా ఆశగా చూసిన మనిషి లేదు. నాకు సిగ్గేసింది, భయమూ వేసింది.

అంతలో నా గుమ్మంలో చిన్న పాదాలు. ముక్కు లోపల పెట్టి, వెనక్కి తీసి, మళ్లీ పెట్టింది. అది కూడా నాలాగే అనుమానం మనిషి. రా తల్లీ అనుకున్నాను. నా జన్మలో ఒక ఎలుకను బతిమాలుకున్నది ఆ ఒక్కసారే. అది పోగుల ఉండను పళ్లతో పట్టుకుని గట్టిగా లాగింది.

టప్పుమన్న చప్పుడుకు తులసమ్మ మాట మధ్యలో ఆగిపోయింది.

కోటిలింగం గుంటలోంచి లేచి నన్ను తెచ్చి అందరి మధ్యా, కత్తెర పక్కనే పెట్టాడు. జాలీలోంచి అందరూ చూశారు. చిట్టెలుక. పొట్ట కింద పాలచన్నులు ఉబ్బి ఉన్నాయి. నోట్లో పోగులు ఇంకా వదల్లేదు. తినడానికి కాదు, గూటికి. అప్పుడు గోడ మీద నుంచి సన్నగా కీచుకీచుమని వినబడింది. నాలో ఉన్న తల్లి అటువైపు జాలీని గీకడం మొదలుపెట్టింది. అందరి తలలూ పైకి లేచాయి. కొక్కేనికి వేలాడుతున్న గోనెసంచి మూతి నుంచి ఎర్ర పోగు ఒకటి జారి ఉంది.

కోటిలింగం సంచి వైపు వెళ్లబోయాడు. హైమావతి చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరే దించండి అత్తయ్యా," అంది. "ఆ సంచి మీరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు గదా."

తులసమ్మ లేచి దించింది. కుంచె పీచు మధ్య పడుగు పోగులన్నీ మెత్తగా పరిచి ఉన్నాయి. వాటి మీద కళ్లు తెరవని పిల్లలు, గోరంత గోరంత, ఎర్రగా. దొంగసొత్తు ఇంటి పెద్ద చేతిలోనే దొరికింది. ఆమె ఆ సంచిని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొబ్బరినూనె వాసన ఆమె ముక్కుకూ అప్పుడే తగిలిందనుకుంటాను.

హైమావతి అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. "నన్నొక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని గదత్తయ్యా," అంది.

తులసమ్మ నోట తప్పయిందన్న మాట రాలేదు. వస్తుందని నేనూ అనుకోలేదు. వంటింట్లోకి వెళ్లి కాఫీ కలిపి తెచ్చి, తాగండి అన్నయ్యగారూ అని గ్లాసు తానే చేతికిచ్చింది. ఆయన గ్లాసు అందుకున్నాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టారు చెల్లెమ్మా," అన్నాడు మెల్లగా. అని, ముందు పక్కన పెట్టిన మంచినీళ్లు తాగి, ఆ తర్వాత కాఫీ తాగాడు. కోటిలింగం వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. ఆ పని ముందురోజే చేసి ఉండాల్సింది. అతన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

తల్లినీ పిల్లల్నీ గూటితో సహా రైలుపట్టాల అవతల తుప్పల్లో వదిలేశారు. అవి తిరిగి రావని నేను నమ్మను. శెట్టిగారి కొట్టు నేర్పిన పాఠం అది.

ఇప్పుడు నేను ఆ గోడకే, ఆ కొక్కేనికే వేలాడుతున్నాను. నాలో హైమావతి ఖాళీ కండెలు వేసుకుంటుంది. పైనుంచి ఇల్లంతా కనబడుతుంది. పాలవాడు మొదలు సీతారావమ్మ పిల్లి దాకా అందరి మీదా ఓ కన్నేసి ఉంచాను. తులసమ్మ కూడా మారిపోయిందని చెప్పను. కూరలో ఉప్పు తక్కువైతే ఇప్పటికీ ఎవరో కావాలనే చేశారంటుంది.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ తర్వాత వచ్చిన గంజి రోజున వీధి పొడుగునా పడుగు చాచారు. పేటంతా చూస్తుండగా తులసమ్మ కడిగిన కుంచె తెచ్చి కోడలి చేతుల్లో పెట్టింది. హైమావతి కుంచె పట్టుకుని, గంజిలోకి ఏ నూనె వెయ్యమంటారు అత్తయ్యా అని అడిగింది.

"నీ ఇష్టం," అంది తులసమ్మ.

ఆ మాట గుమ్మంలోంచి లోపలికి నాకు బాగా వినబడింది. ఎన్నోసార్లు అటూ ఇటూ తిప్పి చూశాను. దాని మీద మాత్రం నాకు ఇంతవరకు అనుమానం రాలేదు.