లెక్కలోకి రాని ఇల్లు

మన సభ్యుడి సీటు పోవడానికి ఫ్లాట్ క్రీక్ బాట మీది ఓ ఇల్లే కారణమట, జనాభా లెక్కల కాగితం నింపి పంపలేదట అని వెర్నా కిరాణా కొట్లో చెప్పిందని థోరా చెవిన పడింది. ఆ బాట మీద ఇళ్లు రెండే. ఒకటి థోరాది, రెండోది మరిది ఆర్లిన్‌ది.

డెబ్బై ఏళ్ల పైచిలుకు మోంటానా రాష్ట్రానికి అమెరికా కాంగ్రెసులో ఇద్దరు సభ్యులు: పడమటి కొండలకు ఒకరు, ఈ గోధుమ మైదానాలకు ఒకరు. తాతల నాడు మొదట్లో రాష్ట్రమంతటికీ ఒక్కడే. తొంభై నాటి జనాభా లెక్కల్లో జనం చాలక, కోర్టుల దాకా వెళ్లి ఓడాక, మళ్లీ ఒక్కడే. ఈ నవంబరులో ఉన్న ఇద్దరూ ఒకే కుర్చీ కోసం కుస్తీకి దిగారు; మైదానాల మనిషి ఓడిపోయాడు. ఏటా చర్చి నేలమాళిగకు వచ్చి, లెఫ్సె రొట్టె తిని, ముసలీ ముతకా అందర్నీ పేరుపేరునా పలకరించే మనిషి ఇక రాడు. అంత రాష్ట్రాన్ని ఒక్కడు చుట్టాలంటే కాళ్లకు చక్రాలుండాలి.

ఆ వేళ నేలమాళిగలో పెనం మీద రొట్టె తిప్పుతున్న థోరా పక్కనే చేరి, వెర్నా మళ్లీ అదే పాట ఎత్తుకుంది. ఆర్లిన్ బల్లలు సర్దుతున్నాడు. తన వల్లే ఊరికి దిక్కు లేకుండా పోయిందా అనుకుంటూ థోరా రొట్టె తిప్పడం మరిచింది. రెండేళ్ల కిందటి ఏప్రిల్ ఒకటిన ఇంట్లో ఎందరున్నారని అడిగింది ఆ కాగితం. భర్త సెల్మర్‌ను మట్టిలో పెట్టి అప్పటికి మూడు రోజులు. కలం పట్టుకుని పొద్దంతా కూర్చుని, చివరకు దాన్ని మడిచి సొరుగులో పడేసింది.

“ఆ ఇల్లు నాదే వెర్నా,” అంది, రొట్టె మాడుతుంటే.

వెర్నా తెల్లబోయింది. కాగితం పంపకపోతే లెక్కల మనిషి ఇంటికే వస్తాడు కదా, తలుపు తీయలేదా అని ఆరా తీసింది. ఎవరూ రాలేదంది థోరా.

ఆర్లిన్ చేతిలోని బల్ల దించాడు. “వచ్చాడు వదినా. నా గుమ్మం దగ్గరే ఆపేశాను. ఆ ఇల్లు ఖాళీ అని చెప్పాను. నీ పొయ్యి పొగ ఇద్దరికీ కనబడుతూనే ఉంది.”

థోరా మరిది ముఖంలోకి చూసింది. రెండేళ్లుగా ఒకే బాట మీద ఉంటూ, ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు దీన్ని.

“బాగానే ఉంది,” అంది వెర్నా. “మీ వదినామరుదులిద్దరూ కలిసి మా మనిషిని ఊడగొట్టారన్నమాట.”

“పోతే పోయాడు,” అన్నాడు ఆర్లిన్. “ఆ రోజు మా వదిన ముందు నిలబడి, ఇంట్లో ‘ఒకరు’ అని రాయమని నువ్వు చెప్పగలిగేదానివా?”