ఇనుముకు వేసినట్టే

హిందీవాళ్ల ఊళ్లో, ఉక్కు కర్మాగారంలో సింహాద్రి ఇరవై ఆరేళ్లు ఇనుముకు రంగులు వేశాడు. దూలాలు, నిచ్చెనలు, క్రేన్ల కాళ్లు, అతని బ్రష్షు తగలనిది లేదు. ఇంటి సీలింగు జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. అదేం పెద్ద పనని అతని ధీమా.

తొంభై నాలుగులో వైశాలి నగర్‌లో కట్టుకున్న రెండు గదుల ఇంటికి లోపల ప్లాస్టరింగు పూర్తయి పది రోజులైంది. గృహప్రవేశం ఇంకో పన్నెండు రోజులుంది. అతని భార్య పోలమ్మ ఆ రోజు కోసమే బతుకుతోంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె కాపురం కంపెనీ క్వార్టర్‌లోనే. సొంత కప్పు కింద, తనవాళ్లందరి ఎదుట, ఒక్కసారి పాలు పొంగించాలి. అంతకు మించి ఆమె మొగుణ్ణి ఏదీ అడిగింది లేదు.

"బహన్‌జీ, ఛత్ అభీ గీలీ హై" అన్నాడు తాపీ మిస్త్రీ, సీలింగుకు అరచెయ్యి ఆనించి, కప్పు ఇంకా పచ్చిగానే ఉందని. తడి ఆరడానికి నెల పడుతుందట. అందాకా పల్చగా సున్నం కొట్టి వదిలెయ్యమన్నాడు. పోలమ్మ ఆ మాట చేరవేస్తే సింహాద్రి పకపకా నవ్వాడు.

"ఆడికేటి తెలుసే? ఇనుము గీకిన పూటే రంగెయ్యాల. రేపన్నావంటే తుప్పట్టేస్తది. నాకు సెప్తాడా ఆడు?"

"ఇది ఇనుము కాదు కద మావా. పోనీ మా అన్నకి ఓపాలి సూపిద్దుం."

ఆమె అన్న నరసింగరావు కార్మికుల బస్తీ క్యాంప్ 1లో ఉంటాడు. ఇళ్లకు రంగులు వేయించడమే అతని పని.

"మీ అన్న సెయ్యేస్తే ఇల్లంతా తనే కట్టినట్టు క్యాంపంతా సాటుకుంటాడు. నోరు మూసుకుని బ్రష్షందియ్యి."

అందించింది. అందించకపోతే ఆ రోజంతా ఏం వినాల్సి వస్తుందో ఆమెకు తెలుసు.

రెండు డ్రమ్ముల మీద పలక వేసి ఎక్కాడు మహానుభావుడు. పచ్చి ప్లాస్టరును వైర్ బ్రష్షుతో చారలు పడేలా గీకాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. ఆ పూటే ప్రైమరు, మర్నాడు తెల్ల ఆయిల్ పెయింటు. రంగు మోచేతుల దాకా కారింది, కంట్లో పడింది, మెడ పట్టేసింది. అయినా దిగాక నడుం మీద చేతులేసుకుని సీలింగును చూసుకున్న చూపు చూడాలి! అద్దంలా మెరిసిపోతోంది మరి. పోలమ్మకు కూడా ఆశ పుట్టింది.

ఆరో రోజుకు పొక్కులు లేచాయి. వాటిని కత్తితో కోసి మీద ఇంకో కోటు వేశాడు. లోపలి తడి మాత్రం లోపలే ఉంది.

గృహప్రవేశం నాడు హాలు మధ్య ఇటుకల పొయ్యి మీద ఇత్తడి గిన్నె పెట్టారు. సెగ నేరుగా పైకి తగిలింది. పాలు అంచుదాకా వచ్చాయి, అందరూ మెడలు సాచారు. సరిగ్గా అప్పుడు అరచెయ్యంత పెచ్చు ఊడి గిన్నెలో పడింది.

అందరూ తలలెత్తి సీలింగు చూశారు. సింహాద్రే అందుకున్నాడు.

"ఇదంతా దీని తొందరేనండి. ముహూర్తం, ముహూర్తమని నా పీక మీద కూకుంది."

పోలమ్మకు ఒళ్లు భగ్గుమంది. నలుగురిలో మొగుడికి ఎదురు చెప్పడం ఆమెకు అదే మొదటిసారి.

"అబద్దం. నెలాగమని మిస్త్రీ సెప్పినాడు, నానూ సెప్పినాను. మా అన్నకి సూపిద్దుమంటే నోరు ముయ్యమన్నాడు."

అని అన్న వైపు చూసింది. నరసింగరావు గడప దాటుతూనే సీలింగు చూసి చప్పున తల తిప్పుకోవడం ఆమె గమనించింది. పని తెలిసినవాడు, తోడబుట్టినవాడు. ఒక్క మాట అంటాడు, తప్పక అంటాడు అనుకుంది.

నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. "ఊరుకోయే. శుభమాని మొగుడి మీదకి లెగుస్తావేటి? బావా, నువ్వేటీ అనుకోకు."

సింహాద్రి పెద్ద మనసు చేసుకుని తలూపాడు. ఎవరో గిన్నె తోమి, వేరే పాలు పోసి, పొయ్యి మీద పెట్టి పోలమ్మను రమ్మన్నారు.

"ఇల్లెవలిదో ఆలే పొంగించుకోనీండి" అని ఆమె గుమ్మం దాటి అరుగు మీద కూర్చుంది. వెనకాల ఎవరూ రాలేదు. నరసింగరావు భార్య కొంగు దోపుకుని పొయ్యి ముందు కూర్చుంది.

కాసేపటికి లోపల "పొంగినాయి, పొంగినాయి" అని అందరూ సంబరపడ్డారు.