ఆ మూల బోల్టు

మా బాపు కొండల్ జన్మలో మందు ముట్టలేదు. అయినా బహదూర్‌పురా నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఆయన పేరు తాగుబోతు కొండల్. ఆ పేరు తగిలించింది ఐస్ ఫ్యాక్టరీ విశ్వేశ్వర్ సేట్. వాణ్ణి ఒక్కసారైనా నలుగురిలో దోషిలా నిలబెట్టాలని పళ్ళు నూరుతూ పెరిగాను.

బాపు ఆ ఫ్యాక్టరీలో మెకానిక్. కంప్రెసర్‌ను తిప్పే పెద్ద మోటారు కింద సిమెంటు దిమ్మె ఒక మూల కుంగింది. ఒక కాలు పొట్టిదైన స్టూలులాగా మోటారు మూడు కాళ్ళ మీదే నిలబడేది. నాలుగో కాలి బోల్టును బలవంతంగా బిగిస్తే మోటారు ఒళ్ళంతా మెలిపడి వణికేది. దిమ్మె బాగుచేయాలంటే ఫ్యాక్టరీ ఆపాలి. ఎండాకాలంలో సేట్ ఆపనిస్తాడా? అందుకని బాపు ఆ ఒక్క బోల్టును కావాలనే కొంచెం వదులుగా ఉంచేవాడు.

ఒకరోజు అది సేట్ కంటపడింది. బాపు వద్దని మొత్తుకుంటున్నా వినకుండా తానే పానా పట్టి బిగించేశాడు. వారం తిరక్కుండా షాఫ్ట్ విరిగింది. "తాగొచ్చి బోల్టు మరిచిండు" అని పనివాళ్ళందరి ముందూ బాపును గెంటేశాడు. ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీ వాళ్ళూ బాపును గడప తొక్కనివ్వలేదు. యాకుత్‌పురా స్టేషన్ పక్కన సైకిళ్ళకు పంక్చర్లు వేసుకుంటూ ఉండిపోయాడు.

నేను పాలిటెక్నిక్ చదివి, యంత్రాలు ఎందుకు వణుకుతున్నాయో కనిపెట్టే కంపెనీలో చేరాను. ఎందుకు చేరానో వేరే చెప్పాలా? 2004 మే నెలలో అదే ఫ్యాక్టరీ నుంచి మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. అందరికన్నా ముందు నేనే లేచాను.

సేట్ నన్ను గుర్తుపట్టలేదు. కుర్చీ వేయించి, సోడా తెప్పించాడు.

"కొత్త మోటార్ మేడం. అయినా మస్తు వణుకుతున్నది. మా మెకానిక్ మల్లన్న తాగి పనిచేస్తడు. రిపోర్టుల గదే రాయుండ్రి."

పక్కనే మల్లన్న తల వంచుకుని నిలబడ్డాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మోటారు మారింది గానీ దిమ్మె పాతదే. వణుకు కొలిచే మీటరు పెట్టి ఒక్కో కాలూ చూశాను. అదే మూల! పనివాళ్ళందరినీ పిలిపించి, పానా సేట్ చేతికే ఇచ్చాను.

"మోటార్ నడవనియ్యుండ్రి. ఈ బోల్టు జర వదులు చెయ్యుండ్రి సేట్."

తిప్పాడు. వణుకు తగ్గిపోయింది.

"ఇప్పుడు బిగియ్యుండ్రి."

బిగించాడు. మోటారు మళ్ళీ గడగడలాడింది.

"మల్లన్న తప్పేం లేదు. దిమ్మె కుంగింది. అప్పుడు గూడ గిదే మూల, గిదే బోల్టు. కొండల్ వద్దంటుంటే బిగించి షాఫ్ట్ విరగ్గొట్టింది నువ్వు. నేను కొండల్ బిడ్డను, అమలను."

పాత పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సేట్ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"లోపలికి రామ్మా, ఆఫీసుల మాట్లాడుకుందం" అన్నాడు గొంతు తగ్గించి.

"మా బాపును ఆఫీసుల తిట్టినవా?"

"సరే, గిట్ల వదులుంచి నడపొచ్చా? గదన్న చెప్పు. సీజన్ ఖరాబైతది."

"మరీ వదులైతే మోటార్ లేచి ఎవరి మీదనో పడ్తది. ఎంత వదలాల్నో మా బాపు చేతికే ఎరుక. ఆయన వచ్చి చూసేదాకా బంద్ పెట్టు. పోయి అందరి ముంగట అడుగు."

మర్నాడు పొద్దున్నే సేట్ కారు మా కొట్టు ముందు ఆగింది. పక్క చాయ్ హోటల్ నిండా జనం. బాపు ట్యూబును నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. నేను ఆయన పక్కనే స్టూలు మీద కూర్చున్నాను, ఒక్క మాట కూడా పోనివ్వకూడదని.

"కొండల్, తప్పు నాదే. ఆనాడు బోల్టు బిగించింది నేను. నీ మీద లేని మాట వేసిన. ఒక్కసారి వచ్చి మోటార్ చూడు భాయ్."

చాయ్ తాగేవాళ్ళు గ్లాసులు దించి ఇటే చూస్తున్నారు. బాపు ట్యూబు తీసి, నింపాదిగా తుడిచి, అప్పుడు తలెత్తాడు.

"ఎట్ల వస్త సేట్? ఆనాడు తాగిన నిషా నాకింకా దిగలే."