రెండో అంతస్తు కూర వాసన

రెండు వారాలకోసారి పొద్దున్నే భర్త టైస్టోని ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్లడం సిల్వీ పని. పరగడుపున రక్తం తీస్తారు. ఈసాల్మి ఊళ్లో ఎవరి రక్తమైనా గొట్టంలో పడగానే వాళ్లు తింటున్న తిండి వాసన వేస్తుంది. నర్సు పిర్కో ముందు వాసన చూసి, ఆ తర్వాతే మిషన్లో పెడుతుంది.

టైస్టో మెదడుకి రక్తం సరిగా అందడం లేదనీ, వెన్న, మాంసం మానిపిస్తే రక్తంలో కొవ్వు తగ్గుతుందనీ డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఓట్స్ జావ, రై పిండి ఎండురొట్టె, ఉడికించిన చేప. పాపం సిల్వీ కూడా అవే తింటోంది.

పిర్కో గొట్టం మూత తీసి మొహం చిట్లించింది. "మళ్లీ పందిమాంసం కూరేనండీ సిల్వీ గారూ. వెన్న దండిగా పడింది. ఈసారి మిరియాల ఘాటు కూడా తెలుస్తోంది, దంచి వేశారు."

సిల్వీ మిరియాలు గింజలుగానే వేస్తుంది. దంచి వేసేది వాళ్ల బిల్డింగులో ఒక్కతే, రెండో అంతస్తు రౌహా. మొగుడు పోయినా పెదాలకి రంగు మానని రౌహా. సిల్వీకి ఒళ్లు మండిపోయింది. తను ఎండురొట్టె నములుతుంటే అది తన మొగుడికి కూర మరిగించిందన్నమాట!

టైస్టోని మూడో అంతస్తులో తమ ఇంట్లో కూర్చోబెట్టి, కిందికి దిగి తలుపు బాదింది.

"ఎన్నాళ్లనుంచే ఈ భాగోతం?"

"చలికాలం నుంచి," అంది రౌహా తొణక్కుండా. "షికారు నుంచి వస్తూ ఒక అంతస్తు ముందే ఆగిపోతాడు. తలుపులన్నీ ఒక్కలాగే ఉంటాయిగా. బూట్లు విప్పి, కుర్చీలో కూర్చుని, 'సిల్వీ, ఆకలేస్తోంది' అంటాడు."

"నేను సిల్వీని కాదని చెప్పడానికి నోరు రాలేదా?"

"చెబుదామనే అనుకున్నాను." రౌహా చూపు తిప్పుకుంది. "అంత ప్రేమగా నన్నెవరూ పిలవలేదు సిల్వీ."

పెళ్లయిన కొత్తలో తప్ప టైస్టో తనని పేరుపెట్టి పిలిచిందే లేదు. సిల్వీ కడుపు రగిలిపోయింది. ఆ వెంటనే భయం వేసింది. మనిషికి సొంత ఇల్లే తెలియడం లేదు! డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన ఆరోజే మెడలో రక్తనాళం పూడుకుపోతోందని కనిపెట్టి ఆపరేషన్‌కి పంపాడు.

వేసవికల్లా టైస్టో కోలుకున్నాడు. ఓ సాయంత్రం సిల్వీ దొంగలా అతని వెనకే మెట్లెక్కింది. రౌహా తలుపు తీసే ఉంది. కూర వాసన మెట్లనిండా పరుచుకుంది. టైస్టో టోపీ తీసి, "బావున్నారా రౌహా గారూ," అని ఆగకుండా పైకి వెళ్లిపోయాడు. రౌహా మొహం పాలిపోయింది. అది చూసి సిల్వీ ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో టైస్టో సొంత కుర్చీలో కూర్చున్నాడు.

"ఏయ్, తినడానికేముంది?"

సిల్వీ జావ వడ్డించింది. చలికాలమంతా అతను నోరారా పిలిచిన 'సిల్వీ' అనే పిలుపులన్నీ కింద రౌహా దగ్గరే ఉండిపోయాయి. అడిగి తెచ్చుకునేవా అవి?