కొబ్బరిచెట్టు మీది రేడియో

మా రేడియో స్టేషనుకి లైసెన్సు లేదు, సిగ్గు అంతకంటే లేదు. రెండు వేల నాలుగులో పూండి రైలుస్టేషను దగ్గర రేడియోలు బాగుచేసే జోగారావు, పాత సామాన్లన్నీ కలిపి ఓ యంత్రం తయారుచేశాడు. దాని తీగ పక్కతోటలో అన్నిటికంటే పొడుగైన కొబ్బరిచెట్టు ఎక్కింది. తోట భాస్కరరావు గారిది. రోజుకి మూడుసార్లు ఆయన ఎరువుల కొట్టు పేరు చెప్పేవాళ్ళం గనక ఆయన కాదనలేదు. కొత్త సినిమా పాటలు ఊళ్ళన్నిటికీ వినబడేవి, సముద్రం మీద తెప్పల్లోకి కూడా.

మైకులో మాట్లాడేదాన్ని నేను, రజనిని. అంతకుముందు పలాసలో జీడిపిక్కలు కొట్టేదాన్ని. జీడి రసానికి వేళ్ళు కాలి నల్లబడి, అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. మైకు ముందుకొచ్చాక పాత తోలు ఊడి కొత్తది వచ్చింది. "మా గుంట దొరసాని అయిపోనాది" అని మా అమ్మ కాసులమ్మ వీధంతా చాటింది. మళ్ళీ ఆ పనికి పోవడమంటే నాకు చావంత భయం.

పాట కావలసినవాళ్ళు చీటీ రాసి పంపాలి. దాన్ని ఉన్నదున్నట్టు, రాసినవాళ్ళ పేరుతో సహా చదవాలి. ఈ పద్ధతి జోగారావు ఊరికే పెట్టలేదు. మొదట్లో ఎవడో పేరు దాచుకుని ఇంకొకడి పెళ్ళానికి పాట పంపితే, ఆ మొగుడొచ్చి జోగారావునే తన్నాడు. అప్పటినుంచి పేరు లేని చీటీ పొయ్యిలోకే.

పొద్దున్న మొదటి పాట అయ్యాక వేట కబురు. చేపలు ఏ వైపు తగులుతున్నాయో మా అయ్య అప్పలస్వామి చెబితే నేను మైకులో చెప్పేదాన్ని. అది విన్నాకే సముద్రపొడ్డున మా జాలరి పేటవాళ్ళు తెప్పలు తోసేవారు.

రెండేళ్ళకి పంచాయతీ ఎన్నికలొచ్చాయి. భాస్కరరావు గారు సర్పంచికి నిలబడ్డారు. ఎదురు నిలబడినవాడు మా పేట సన్యాసయ్య. పేటలో మూడొందల ఓట్లు, అన్నీ మావాడికే. పోలింగుకి ముందురోజు సాయంత్రం భాస్కరరావు గారి మనిషి నారాయణ చీటీ తెచ్చాడు. పెద్దాయనకి చేపల కంపు పడదు, పేటదాన్ని నేనున్న చోట గడప తొక్కరు.

"రజనికి. రేపు పొద్దున్న చేపలు విపరీతంగా పడుతున్నాయని చెప్పు. పేటవాళ్ళు ఒంటిగంట దాకా ఒడ్డుకి రాకూడదు. చెప్పకపోతే చెట్టు మీద తీగ ఉండదు. భాస్కరరావు."

ఒంటిగంటకే పోలింగు ముగిసిపోతుంది. జోగారావు మొహం పాలిపోయింది. "తీగ పోతే మన బతుకు బస్టాండేనే. ఒక్క ముక్క సెప్పేసి ఊరుకో."

"మా అయ్య పేరు సెప్పి అబద్ధం ఆడమంతావా?"

"మరైతే పలాస పోయి పిక్కలు కొట్టుకుంతావా?"

ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది.

తెల్లారి మొదటి పాట అయింది. గొంతు సవరించుకున్నాను. "ఈ చీటీ పంపినవారు సర్పంచి అభ్యర్థి భాస్కరరావు గారు" అని, మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదివాను. తర్వాత ఆయన కోసమని ఓ హుషారు పాట వేశాను. తెప్పలు తోయబోతున్నవాళ్ళు వాటినక్కడే వదిలేసి, తడి లుంగీలతోనే ఓట్లకి వరసకట్టారట.

భాస్కరరావు గారు చిత్తుగా ఓడిపోయారు. తీగ ఊడదీస్తే సరిపోయేది, కోపం పట్టలేక కాపు కాసే చెట్టునే నరికించాడు మహానుభావుడు. "ఎర్రిగుంట, పొరపాటున సదివేసినాది" అని జోగారావు అందరికీ సంజాయిషీ చెప్పుకున్నాడు. పొరపాటా, నా మొహమా!

కొత్త సర్పంచి ఉండగా మనకేం భయమని సన్యాసయ్య దగ్గరికి పోయాను. దండలింకా మెడలోనే ఉన్నాయి.

"మావా, పంచాయతీ మేడ మీద తీగ కట్టుకోనియ్యి."

"నైసెన్సు నేదు కదే అమ్మా."

"ఓట్లప్పుడు గుర్తురానేదేటి నైసెన్సు?"

ఆయన నవ్వి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "అది కాదే. నీకు మైకిత్తే, రేపు నాను సాటుగా సెప్పిన ముక్క కూడా ఊరందరికీ ఇనిపించేత్తావు."

ఒట్టు, ఆయన భయం నిజమే. వినిపించేదాన్నే. ఏడుపు తన్నుకొచ్చింది గాని ఆయన ముందు ఏడవలేదు. సోమవారం పొద్దున్నే రైలెక్కి పలాస పోయి పిక్కల ముందు కూర్చున్నాను.