లేడు అన్న మాట

దర్జీ మిషను మోటారు కాలిపోయింది. కుట్టివ్వాల్సిన స్కూలు యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. మూలనున్న తొక్కుడు మిషను తొక్కుదామంటే మోకాలు సహకరించదు. కొత్త క్రెడిట్ కార్డు తీసుకుంటే వచ్చే స్వాగత బోనస్ పాయింట్లతో మంచి మిషనే తెచ్చుకోవచ్చని ఎవరో చెబితే, వెంటనే దరఖాస్తు పెట్టాడు.

మర్నాడు జవాబు వచ్చింది. కార్డు ఇస్తారట గానీ, బోనస్ ఇంటికి ఒక్కరికేనట. 'మీ చిరునామాలో మా కార్డుదారు ఇప్పటికే ఒకరు ఉన్నారు.'

ఉన్నారు. దర్జీ కళ్ళు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి.

ఆ కార్డు అతని అన్నది. లారీ నడిపేవాడు. వరదలో లారీ దొరికింది గానీ మనిషి దొరకలేదు. ఊరంతా పోయాడనుకున్నా, తల్లి ఆ మాటను ఇంట్లోకి రానివ్వలేదు. అన్న ఫోనుకు రోజూ ఛార్జింగు పెడుతుంది. వీధి తలుపు గడియ వేయనివ్వదు. ఆమె నిద్రపోయాక దర్జీయే లేచి చప్పుడు కాకుండా వేస్తాడు.

అతను ఫోను స్పీకర్లో పెట్టి బ్యాంకుకు చేశాడు. ఆ కార్డుదారు ఇప్పుడు ఆ ఇంట్లో లేకపోతే పేరు తీసేస్తామని, బోనస్ ఇతనికే వస్తుందని అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"మీ అన్నయ్యగారు ఉన్నారా సార్?"

"లేడండీ," అన్నాడు దర్జీ.

"అంటే ఇల్లు మారారా, చనిపోయారా? రెండింట్లో ఏదో ఒకటి పెట్టాలి సార్."

పక్కనే కూర్చుని గుండీలు కుడుతున్న తల్లి చేయి ఆగింది. తలెత్తకుండానే అంది. "వట్టి లేడంటే ఆ పిల్లకేం తెలుస్తుందిరా? వెళ్ళొస్తానని వెళ్ళాడని చెప్పు."

నిజమే, అన్న వెళ్తానని అనలేదు. వెళ్ళొస్తాననే అన్నాడు. అందరూ అనే మాటే. అందులోని రెండో సగాన్ని పట్టుకుని ఆమె బతుకుతోంది.

దర్జీ గోడమీది దేవుడి పటం వైపు చూశాడు. నీ దగ్గర వాడు ఉన్నట్టా, లేనట్టా స్వామీ, అని మనసులోనే అడిగాడు. పటం ఎప్పటిలాగే నవ్వుతోంది.

"సార్, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాడమ్మా. మా అన్న ఇక్కడే ఉంటాడు. పనిమీద వెళ్ళాడు."

అయితే బోనస్‌కు అర్హత లేదని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.

దర్జీ తొక్కుడు మిషను ముందుకు లాగి, తుడిచి నూనె వేశాడు. పళ్ళు బిగబట్టి తొక్కుతుంటే లోపల అన్న ఫోను టింగుమంది. తల్లి తెచ్చి చూపించింది. 'చాలాకాలమైంది. మీ కార్డు మీకోసం ఎదురుచూస్తోంది.'

"వాడికే," అంది తల్లి. "వచ్చాక చూసుకుంటాడులే."

ఆ రాత్రి తల్లి నిద్రపోయాక దర్జీ లేచి వీధి తలుపు దాకా వెళ్ళాడు. గడియ మీద వేసిన చేయి కాసేపు అక్కడే ఉంది. తర్వాత వెనక్కి తీసుకుని, వచ్చి పడుకున్నాడు.