గంటంబావు ప్రయాణం

పొయ్యి గట్టు తుడుస్తుంటే మా ఆయన ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. "మీ ఆఫీసు సైట్లోనే టికెట్లు తీసేశాను. ఎల్లుండి పొద్దున తొమ్మిదికి ఎక్కితే పదింబావుకి దిగుతావు. గంటంబావే! మీ అక్కని చూసేసి ఐదింటి విమానం ఎక్కావంటే, రాత్రి వంట వేళకి ఇంట్లో ఉంటావు." ఏదో వరమిచ్చినట్టు మొహం. హాల్లోంచి అత్తగారు అందుకున్నారు, "ఆపరేషన్ అయిపోయిందిగా అమ్మా, నువ్వుండి చేసేదేముంది? చూసొస్తే సరిపోతుంది."

పన్నెండేళ్ళుగా టికెట్ల ఆఫీసులో కూర్చుని, ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎంతసేపో ఊరందరికీ చెప్తున్నదాన్ని. నన్నొక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయింది? మేముండేదీ అక్క ఉండేదీ రెండూ పరాయి దేశాలే; అక్కడి గడియారం మనకంటే గంట వెనక. పదిహేను వందల కిలోమీటర్లు గంటంబావులో ఏ విమానం పోతుంది, నా బొంద! పట్టేది రెండుంబావు గంటలు. వచ్చేటప్పుడు ఆ గంట మళ్ళీ మన నెత్తినే పడుతుంది, ఎనిమిదింబావుకి దిగుతాను. ఆ సంగతి నోటిదాకా వచ్చింది. చెప్తే ఇంకాస్త ముందు విమానం చూస్తాడని ఊరుకున్నాను.

మర్నాడు ఆఫీసుకెళ్తూ బస్సులో వేళ్ళమీద లెక్కేశాను. దిగి, పాస్‌పోర్టు వరసలో నిలబడి బయటపడేసరికి పదకొండుంబావు. అక్క ఇంటికి టాక్సీలో గంట. ఐదింటి విమానానికి రెండింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి, అంటే ఒంటిగంటకే బయల్దేరాలి. అక్క దగ్గర నేనుండేది ముప్పావు గంట! నా రెండు కాన్పులకీ నెలేసి రోజులొచ్చి, పసిపిల్లల గుడ్డలుతికి, నాకు తల రుద్ది నీళ్ళు పోసిన మనిషికి ముప్పావు గంట. ఒళ్ళు మండిపోయింది. మొన్న ఫోన్లో అక్కే చెప్పింది, "భుజానికి కట్టు ఇంకా మూడు వారాలుంటుందటే. చెయ్యి లేవట్లేదు. మీ బావ తల దువ్వుతానని కూర్చుని, ఉన్న నాలుగు వెంట్రుకలూ పీకిపెట్టారు" అని నవ్వింది. తర్వాత, "నువ్వొచ్చి ఉంటే బావుణ్ణు" అంది. అక్క ఇంతవరకూ నన్నేదీ అడగలేదు.

ఆఫీసులో కూర్చోగానే సెలవు చీటీ రాశాను. "మూడు వారాలా!" అన్నాడు మేనేజరు. "పన్నెండేళ్ళకి ఒకసారండీ" అన్నాను. ఆ తర్వాత కంప్యూటర్లో నా టికెట్టు తెరిచాను. వెళ్ళేది ముట్టుకోలేదు. వచ్చేదాన్ని అక్క కట్టు విప్పే రోజు మర్నాటికి జరిపేశాను.

పది నిమిషాల్లో మా ఆయన ఫోను. "ఇదేమిటి, తిరుగు టికెట్టు తేదీ మారిందని మెసేజొచ్చింది. మీ ఆఫీసువాళ్ళు ఏదో పొరపాటు చేసినట్టున్నారు, చూడు."

"పొరపాటేం కాదు. నేనే మార్చాను."

"మరి ఇక్కడ వంట?"

"మీ కుర్చీ నుంచి వంటగదికి పన్నెండడుగులు," అన్నాను. "గడియారం కూడా మార్చుకోనక్కర్లేదు."